ఎండోస్కోపీ: మత్తు ఇచ్చే ముందు, ఇచ్చిన తరువాత

హోసూరు దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన ఎండోస్కోపీకి వచ్చారు. "పరగడుపునే ఉన్నారా?" అంటే తల ఊపారు. బల్ల మీద పడుకున్నాక మళ్ళీ అడిగాను. "తెల్లారి బస్సెక్కే ముందు ఒక్క లోటా కాఫీ తాగినాను సార్. అదీ లెక్కేనా?" అన్నారు.

లెక్కేనండీ! పాలు కలిసిన కాఫీ కడుపుకు ఆహారమే. ఆహారానికీ పరీక్షకూ కనీసం 6 గంటలు, మంచినీళ్ళకు 2 గంటలు ఎడం ఉండాలి. గొంతు మొద్దుబారి, మనిషి మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకి వస్తే దగ్గి బయటికి తోసే శక్తి తగ్గుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. అందుకే ఆయన పరీక్షను మధ్యాహ్నానికి మార్చాం.

ఈ పరీక్షలో నోటి గుండా సన్నని గొట్టం పంపి అన్నవాహికను, జీర్ణాశయాన్ని, చిన్నప్రేగు మొదటి భాగాన్ని చూస్తాం. సాధారణంగా పది నిమిషాల లోపు పని. చాలామందికి గొంతులో మందు చల్లితే సరిపోతుంది. భయం ఎక్కువగా ఉన్నవారికి మిడజోలం వంటి మత్తుమందు నరంలోకి ఇస్తాం. మత్తు ఎక్కువైతే శ్వాస మందగిస్తుంది. వృద్ధులకు తక్కువ మోతాదే చాలు. అందుకే వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించి, ప్రాణవాయువును, విరుగుడు మందును చేతికందేలా ఉంచుకోవాలి. గొట్టం వేసే వైద్యుడు కాక, రోగి శ్వాసను కనిపెట్టి ఉండే మనిషి మరొకరు ఉండాలి. ఆ మనిషి ఎవరని మీరు అడగవచ్చు, తప్పులేదు.

మీరు చెప్పవలసినవీ ఉన్నాయి. గురక, ఉబ్బసం, గుండెజబ్బు, మందులు పడకపోవడం, మద్యం అలవాటు, వాడుతున్న మాత్రలు, కట్టుడు పళ్ళు – ఏదీ దాచకండి. మధుమేహం మాత్రలు, రక్తం పలచబడే మందులు సొంతంగా మానకండి. డాక్టరును ముందే అడగండి.

మత్తు తీసుకున్నవారు లేచి మాట్లాడినా, ఆ మాటలు తరువాత గుర్తుండకపోవచ్చు. అందుకే జాగ్రత్తలు వెంట వచ్చినవారికి కూడా చెబుతాం. ఆ మర్నాటి దాకా, అంటే 24 గంటలు, బండి నడపరాదు, పత్రాల మీద సంతకాలు చేయరాదు. గొంతు మొద్దు వదిలాకే నీళ్ళు తాగాలి. తీవ్రమైన నొప్పి, రక్తపు వాంతి, నల్లని విరేచనం, జ్వరం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి.

మన పెద్దాయన వెంట ఎవరూ రాలేదు. అందుకని మత్తు ఇవ్వలేదు. గొంతులో మందు చల్లి, ధైర్యం చెప్పి పరీక్ష ముగించాం. సాయంత్రం బస్సుకు తెలివితో, క్షేమంగా ఇల్లు చేరారు. ఆ లోటా కాఫీ సంగతి చెప్పినందువల్లే ఆ క్షేమం.