సవరల వంశచరిత్ర – వ్రాతలు, రాళ్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమన్నంతనే పురాణములు, ప్రబంధములు, వార్తాపత్రికలు స్ఫురించును. కాని ఏ బీరువాలోను లేని గ్రంథమొకటి ఉద్దానము నుండి చూచినచో కనబడు మహేంద్రగిరి కొండలలో నున్నది. అది సవరల వంశచరిత్ర. చింతపండును, కొండచీపుళ్లను పలాసకు మోసికొని వచ్చు సవర వృద్ధుని, “తాతా, నీ తాత పేరేమి?” అని యడిగినచో వెంటనే చెప్పును. “ఆ పేరున్న కాగితమేది?” అని యడిగినచో ఊరకుండును. ఆ మౌనమునకు కారణమేమి? దానిని తీర్చు ఉపాయమేమి? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్ర, పుండ్ర, పుళిందులతోపాటు శబరుల పేరు వచ్చుచున్నది. శ్రీరామునకు శబరి చేసిన ఆతిథ్యమెరుగనివారు లేరు. అయినను ప్రాచీన గ్రంథమున జాతి పేరున్నంత మాత్రమున నేటి యొక కుటుంబపు వంశవృక్షము సిద్ధింపదు. జాతి చరిత్ర వేరు, కుటుంబ చరిత్ర వేరు. మొదటిది పండితుల పని. రెండవది తాత పేరును, ఊరి పేరును, పొలము గట్టును ఎరిగినవారి పని.

ఇక లెక్కల సంగతి. టెక్కలి, పలాస ప్రాంతములు పూర్వము గంజాం జిల్లాలోనివి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు పర్లాకిమిడియు, దాని వెనుకనున్న కొండలును ఆవలికి పోయినవి. టెక్కలి ఈవల నిలిచి విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేక జిల్లాయైనది. కొండకు హద్దు గీసిరి కాని చుట్టరికములకు గీయలేకపోయిరి. అన్న ఈవలి వాలునను, తమ్ముడు ఆవలి వాలునను ఉండిపోగా ఒకే కుటుంబపు ఆధారములు రెండు రాష్ట్రముల కచ్చేరీలలో చీలిపోయినవి. అస్సాము తేయాకు తోటలకు కూలికి పోయినవారి సంగతి ఇంకను దూరము.

మందస, టెక్కలి, పర్లాకిమిడి జమీందారీలు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చి, సర్వే సెటిల్మెంటులు జరిగిన పిమ్మటనే పల్లపు గ్రామములలో పట్టాలు, అడంగళ్లు కుదుటపడినవి. ఫసలీ సంఖ్యకు 590 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. ఈ చిన్న సూత్రమెరిగినవాడు ప్రాత లెక్కను చదువగలడు. కాని కొండవాలున పోడు చేసికొను సవరకు చాలవరకు పట్టా లేదు. పట్టా లేనివాని పేరు లెక్కకెక్కుట అరుదు. జనాభా లెక్కలలో వెదకుదమన్నచో వానిలో సవరల సంఖ్య దొరకును గాని సవర పేరు దొరకదు.

పేరు దొరకినను చిక్కు తీరదు. పల్లపు గుమాస్తాలు కొండవారందరికిని ‘సవర’ అను మాటనే ఇంటిపేరుగా వ్రాసిరి. సవరలలో ‘బిరిందా’ అను కట్టుబాటు కలదు. ఒక మూలపురుషుని సంతతివారు ఒక బిరిందా. వారిలో వారికి వివాహము లేదు. పది బిరిందాలవారికి ఒకే ఇంటిపేరు తగిలించగా ఎవరు ఎవరికి జ్ఞాతులో కాగితము చెప్పలేదు. చూపునకు ఆధారము, చదువగా అయోమయము!

ఈ చిక్కు సవరలకే వచ్చినది కాదు. అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో ప్రాంతములందు నవాహో అను ఆదిమజాతివారు కలరు. 1864లో సైనికులు వారిని స్వస్థలముల నుండి వెడలగొట్టి దూరపు శిబిరమునకు నడిపించిరి. 1868లో ఒడంబడిక కుదిరిన పిదప వారు తమ నేలకు తిరిగివచ్చిరి. 1885 మొదలు ఆ దేశపు ఆదిమజాతుల పేర్ల పట్టీలను ఏజెంట్లు ఏటేట పంపవలెనను నియమమేర్పడినది. అట్లు పేర్లు కాగితమెక్కినవి. కాని విన్నవాని చెవిని బట్టి అక్షరములు మారినవి. ఒకే మనిషి వేర్వేరు చోట్ల వేర్వేరు పేర్లతో కనబడును. నవాహోలు మాత్రము క్రొత్తవారిని కలిసికొనునప్పుడు తల్లి వంశము, తండ్రి వంశము, మాతామహుని వంశము, పితామహుని వంశము అని నాలుగింటిని చెప్పుకొందురు. అచ్చట వంశము తల్లి వెంబడి వచ్చును. తమ పూర్వులను వెదకుకొను నేటి నవాహోలు పట్టీని ఒక చేతను, అవ్వ మాటను మరియొక చేతను పట్టుకొని రెంటిని సరిచూచుకొందురు. అదియే సరియైన మార్గము.

సవరల యొద్దను అట్టి ఆధారములు కలవు. చనిపోయినవారి పేర ‘గ్వార్’ అను కర్మ చేసి, వారి వంశపు రాళ్ల ప్రక్కన ఒక రాతిని నిలుపుట వారి పూర్వాచారము. పోయినవారి పేరు ఆ వంశమున పుట్టిన శిశువునకు పెట్టుట కలదు. కనుక రాళ్ల వరుస వారి రిజిష్టరు. శిశువు పేరు దాని నకలు. క్రైస్తవులైన కుటుంబములలో ఈ ఆచారము తగ్గినది. అచ్చట సంఘపు బాప్తిస్మ పుస్తకములను చూడవలెను.

పల్లపు చదువరి కొండకు శిష్యుడు కావచ్చునని చూపిన మహనీయుడు ఈ సీమలోనే పుట్టెను. 1863లో వంశధారా తీరమున పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరవానిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. వారికై బడులు పెట్టిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. 1936లో మంగేయి గొమాంగో సవరభాషకు ప్రత్యేక లిపిని కల్పించెను. వ్రాయుటకు భాష చాలదనుట ఇక చెల్లదు.

ఇది ఉబుసుపోక చెప్పు మాట కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టమును బట్టి, 2005 డిసెంబరు 13కు పూర్వము నుండి అటవీభూమిని సాగుచేసికొనుచున్న గిరిజనుడు గ్రామసభ యెదుట హక్కు కోరవచ్చును. దానికి ఒకటికి మించిన ఆధారములు కావలెను. ఆ నియమములలో పూర్వపు రికార్డులోని మనిషి వరకు పోవు వంశావళియు, శ్మశానములు, పవిత్రస్థలములు వంటి ప్రాచీన చిహ్నములును, వ్రాతపూర్వకమైన పెద్దల వాఙ్మూలమును చేర్చబడినవి. అనగా తాత నోటి మాటకు చట్టము పీట వేసినది. కాని తాత పోయిన పిమ్మట వాఙ్మూలమిచ్చువారెవరు?

కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ఒక గట్టి అట్ట పుస్తకమును తెరువవలెను. సంతకు వచ్చు సవర వృద్ధుల అనుమతి పొంది, వారు చెప్పిన పేర్లను చెప్పినట్లే వ్రాయవలెను. బిరిందాను, తల్లి పుట్టినూరును విడువరాదు. సంవత్సరము తెలియనిచో తెలిసిన సంఘటనతో ముడిపెట్టవలెను: రాష్ట్రము చీలిన 1936కు ముందా, వెనుకనా? 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానుకు ముందా, వెనుకనా? ఊహను వ్రాయరాదు, ఖాళీని ఖాళీగానే ఉంచవలెను. తప్పుడు పేరు కంటె ఖాళీ గడి మేలు. వ్రాసినదానిని చదివి వినిపించి, నకలొకటి ఆ కుటుంబమునకే ఈయవలెను. వారి చరిత్ర వారి సొత్తు. గ్రంథాలయము దానికి కాపలాదారు మాత్రమే.

పట్టా ఉన్నవాని పేరును పదితరములు మోసిన లెక్కలు పట్టా లేనివానిని మరచినవి. ఆ మరపును దిద్దుట కలము పట్టినవారి ఋణము. తాతలు బ్రతికియుండగనే ఆ ఋణము తీరుగాక!

స్వస్తి.