మిథ్యాలోకమున పరీక్ష, నిజలోకమున రక్ష



గిడ్డంగులలోను ఆసుపత్రులలోను చక్రములపై తమంత తాము తిరుగాడు రోబోలు నేడు మనుష్యుల నడుమకు వచ్చుచున్నవి. చిరకాలము యంత్రమునకు కంచె కట్టి కార్మికుని వెలుపల నిలుపుటయే రక్షణమార్గమై యుండెను. 2012లో అమెజాన్ సంస్థవారు కొనిన కివా రోబోలు కంచె లోపలనే బరువులు మోసినవి. 2022లో వారే ప్రకటించిన ప్రోటియస్ అను రోబో మనుష్యులు నడచు త్రోవలలోనే నడచుటకు నిర్మింపబడినది. కంచె పోయినది, ఇక కాచువా డెవరు?

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు సమాధానములలో నొకటి వర్చువల్ రియాలిటీ. పరీక్షకు వచ్చినవాడు కన్నులకొక పరికరమును తగిలించుకొని ఖాళీగదిలో నిలుచును. అతనికి గిడ్డంగి కనబడును. మూలమలుపునుండి రోబో దూసికొని వచ్చును. అతడెప్పుడు తొలగెను, ఎంత దూరమున జంకెను, ఏ వైపున కడుగు వేసెను అను సంగతులన్నియు లెక్కకు వచ్చును. రోబో ఢీకొన్నను ఎముక విరుగదు. విమానచోదకులకు నేలమీదనే శిక్షణ మిచ్చుటకు 1929లో ఎడ్విన్ లింకు నిర్మించిన యంత్రమును ఇట్టి యుపాయమే.

ఈ లెక్క యెంత ముఖ్యమో చూడుడు. అంతర్జాతీయ ప్రమాణములు మనుష్యుని నడకను సెకనుకు 1.6 మీటర్లుగా గణించును. రోబో సెకనుకు 1.5 మీటర్ల వేగముతో ఎదురు వచ్చుననుకొందము. మనుష్యుని గుర్తించి బ్రేకు వేయుటకు దానికి అరసెకను పట్టినచో, అంతలోనే ఉభయుల నడుమ మీటరున్నరకు మించిన దూరము తరిగిపోవును. చక్రములు నిలుచుట ఆ పిమ్మటి మాట! ఇట్టి అరసెకనుల పరీక్షను కూలివాని దేహముపై చేయరాదు.

అయినను ఒడ్డున నేర్చిన యీత యేటిలో ఎంతవరకు నిలుచును? దెబ్బ తగులదని యెరిగినవాడు నిజముగా భయపడడు. దినమెల్ల పనిచేసి యలసినవానివలె నడువడు. నిర్మాత యూహింపనిది యా లోకమున నుండనే యుండదు. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ నగరమున ఊబర్ సంస్థవారి స్వయంచాలక కారు, సైకిలు త్రోసికొనుచు వీధి దాటుచున్న యొక స్త్రీని ఢీకొని చంపెను. కారులోని పరిశీలకురాలి యేమరుపాటు కారణమని అచటి రవాణాభద్రతామండలి 2019లో తేల్చెను. కాని ఆ మండలియే మరియొక లోపమును గూడ చూపెను. గీతలు గీయని చోట మనుష్యులు వీధి దాటుదురన్న భావనయే ఆ యంత్రపు నిర్మాణమున లేకుండెను. 5.6 సెకనుల ముందే ఆమెను కనుగొనియు, ఆ వచ్చునది యేమో అది సరిగా నిర్ణయింపజాలకపోయెను.

కావున మా అభిప్రాయమిది. మిథ్యాలోకమున తప్పక పరీక్షింపుడు. అచట నెగ్గినంతమాత్రమున కంచె తీయకుడు. ఆ పరీక్షకు పడుచువిద్యార్థులతో తృప్తిపడక, ఆ గిడ్డంగిలో పనిచేయు కూలీలను, వృద్ధులను, చెవులు వినరానివారిని పిలువుడు. వారెట్లు నడతురో, ఎచట తొట్రుపడుదురో వారే చూపగలరు. పిమ్మట నిజమైన నేలపై మందగతితో మరల పరీక్షింపుడు. తెలివిగల కార్యక్రమము పొరబడినను యంత్రమును నిలుపు బ్రేకు వేరుగా నుండవలెను. ఆపుబొత్తము కూలివాని చేతికందవలెను. దానిని నొక్కినందుకు అతని కూలి తెగకుండవలెను.