ఇంజన్ కంటే ముందు గేజ్‌ను పరీక్షించాలి
(ద్విచక్ర వాహన మెకానిక్‌లను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)



కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు భివండీ పట్టణానికి వచ్చి తరాలు గడిచాయి. పద్మానగర్, కామత్‌ఘర్ వంటి పేటలలో ఆ తొలి తరాలు సాంచాల చప్పుడు మధ్యనే బతికాయి. బట్టలో దోషం కనబడగానే అనుభవజ్ఞుడైన నేతగాడు నూలును నిందించడు. ముందు నాడెను, కండెను, పడుగు బిగువును చూస్తాడు. పనిముట్టు సరిగా ఉన్నదని తేలిన తరువాతనే నూలు వైపు వస్తాడు. వాక్యూమ్ గేజ్‌ను చేతబట్టిన మెకానిక్‌కు కూడా అవసరమైనది ఆ క్రమశిక్షణే.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటర్ స్థానాన్ని చాలావరకు థ్రాటిల్ బాడీ ఆక్రమించింది. ఒకే సిలిండర్ ఉన్న బండికి థ్రాటిల్ బాడీ ఒక్కటే గనుక అక్కడ సమతూకం చేయవలసిన ప్రశ్నే లేదు. అయితే 2018లో విడుదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 వంటి రెండు సిలిండర్ల బండ్లలో రెండు గొంతులు ఉంటాయి. ఆ రెండూ సమానంగా గాలి పీల్చాలి. ఒకదాని బిళ్ళ వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకున్నా ఆ సిలిండర్ ఎక్కువ పనిచేస్తుంది, రెండవది వెనుకబడుతుంది. ఫలితంగా ఐడిల్‌లో ఇంజన్ తడబడుతుంది, హ్యాండిల్ అదురుతుంది, యాక్సిలరేటర్ తిప్పినప్పుడు బండి ఒక క్షణం వెనుకాడుతుంది.

ఈ తేడాను చూపే సాధనమే వాక్యూమ్ గేజ్. పిస్టన్ కిందికి దిగినప్పుడు, దాదాపు మూసి ఉన్న బిళ్ళ వెనుక గాలి పీడనం బయటి వాతావరణ పీడనం కంటే తగ్గుతుంది. ఆ లోటును గేజ్ పాదరస సెంటీమీటర్లలో చెబుతుంది. సముద్రమట్టంలో వాతావరణ పీడనం 76 సెంటీమీటర్లు. ఐడిల్‌లో చాలా ఇంజన్లు 20 నుంచి 30 సెంటీమీటర్ల లోటును చూపుతాయి. కసారా ఘాట్ ఎక్కి నాసిక్ చేరితే వాతావరణ పీడనమే తగ్గుతుంది గనుక అదే బండి మీద ఆ అంకె కూడా తగ్గుతుంది. కనుక సమతూకం చేసేటప్పుడు ఏ ఒక్క అంకెనూ పట్టుకొని వేలాడరాదు. ముఖ్యమైనది రెండు ముళ్ళ మధ్య ఉన్న తేడా.

ప్రమాదం ఉన్నదీ అక్కడే. ఆ తేడా ఇంజన్‌ది కావచ్చు, గేజ్‌ది కావచ్చు. రెండు గేజ్‌లలో ఒకటి 2 సెంటీమీటర్లు తప్పు చూపితే, మెకానిక్ చక్కగా ఉన్న ఇంజన్‌ను 2 సెంటీమీటర్లు చెడగొట్టి, ముళ్ళు కలిశాయని సంతృప్తి పడతాడు. బండి యజమాని డబ్బు చెల్లించి అదురుతున్న బండిని తీసుకువెళతాడు. గేజ్ అబద్ధానికి దుకాణం పేరు బలవుతుంది.

అందుచేత స్క్రూ మీద చేయి వేయకముందే గేజ్‌కు నాలుగు పరీక్షలు జరగాలి.

మొదటిది సున్నా పరీక్ష. గొట్టాలు దేనికీ తగిలించనప్పుడు రెండు ముళ్ళూ సున్నా వద్ద నిలవాలి.

రెండవది బిగింపు పరీక్ష. సూది లేని కొత్త ఇంజెక్షన్ సిరంజిని గొట్టం చివర అమర్చి, పిడిని వెనక్కు లాగి పట్టుకోవాలి. ముల్లు పైకి వెళ్ళి అక్కడే నిలవాలి. మెల్లగా జారిపోతే ఎక్కడో గాలి చొరబడుతున్నట్టే. ముందుగా గొట్టం చివరలను, జాయింట్లను చూడాలి. పగిలిన రబ్బరు చివరను కోసివేయడంతోనే సగం ఫిర్యాదులు తీరవచ్చు. సాంచాల గాలా పక్కనే ఉన్న దుకాణంలో గాలి నిండా నూలు నుసి ఉంటుంది. గొట్టాలను మూతలు లేకుండా మేకుకు వేలాడదీస్తే ఆ నుసి లోపల చేరి దారిని మూసివేస్తుంది. వానకాలంలో తేమ కూడా చేరుతుంది.

మూడవది ఒకే మూల పరీక్ష. టీ ఆకారపు జాయింటుతో రెండు గేజ్‌లనూ ఒకే సిలిండర్‌కు తగిలించాలి. మూలం ఒక్కటే గనుక అంకె కూడా ఒక్కటే రావాలి. రాకపోతే ఆ తేడాను గేజ్ మీద రాసిపెట్టి లెక్కలో కలుపుకోవాలి, లేదా ఒకే గేజ్‌ను రెండు సిలిండర్లకూ మార్చి మార్చి వాడాలి.

నాలుగవది మార్పిడి పరీక్ష. ఎడమ సిలిండర్ గేజ్‌ను గొట్టంతో సహా కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చాలి. తేడా గేజ్‌తో పాటు ప్రయాణిస్తే దోషం సాధనానిది. సిలిండర్ వద్దనే నిలిచిపోతే అప్పుడు మాత్రమే ఇంజన్‌ను అనుమానించాలి.

ముల్లు కుదురుగా నిలవకుండా కొట్టుకోవడం మరొక ఫిర్యాదు. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ క్షణానికి 10 సార్లు గాలి పీలుస్తుంది. ప్రతి పీల్పుకూ ముల్లు ఎగరడం దాని స్వభావం. గొట్టంలోని చిన్న వాల్వ్‌ను బిగిస్తే అది శాంతిస్తుంది. అయితే పూర్తిగా బిగిస్తే ముల్లు మొద్దుబారి పాత అంకె వద్దనే నిలిచిపోతుంది. ముల్లు కొద్దిగా కదులుతూ ఉండే స్థితే సరైనది, రెండు గేజ్‌లకూ అదే స్థితి ఉండాలి.

గేజ్ మీద నమ్మకం లేనప్పుడు చవకైన మరొక మార్గం ఉంది. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని U ఆకారంలో చెక్కకు బిగించి, అడుగున టూ స్ట్రోక్ నూనె పోసి, రెండు కొసలను రెండు సిలిండర్లకు కలపాలి. లోటు ఎక్కువ ఉన్న వైపుకు నూనె ఎగబాకుతుంది. పాదరసంలో 1 సెంటీమీటర్ తేడా నూనెలో దాదాపు 15 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. ఇందులో చెడిపోవడానికి ముల్లు గాని స్ప్రింగు గాని లేదు. జాగ్రత్త మాత్రం అవసరం. ఒక గొట్టం ఊడిపోతే రెండవ సిలిండర్ ఆ నూనెనంతా ఇంజన్‌లోకి లాగివేస్తుంది. అందుకే రెండు దారుల్లోనూ ఒక్కొక్క ఖాళీ సీసాను అమర్చాలి.

పాత పాదరసపు గొట్టాల సాధనాలు ఎవరి వద్దనైనా ఉంటే వాడకపోవడమే మేలు. పాదరసం ఎంతటి విషమో జపాన్‌లోని మినమాటా పట్టణం లోకానికి చూపింది. ఆ పేరుతో ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది. పాదరసం ఒలికితే చీపురుతో ఊడ్వరాదు, నాలాలో పోయరాదు. మూత బిగిసే సీసాలో భద్రపరచి ప్రమాదకర వ్యర్థంగా అప్పగించాలి. అలాగే ఇంజన్ నడుస్తూ ఉండగా చేసే ఈ పనిని షట్టర్ దించిన గాలాలో ఎన్నడూ చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, అది ప్రాణం తీస్తుంది.

గేజ్ పరీక్షలో నెగ్గిన తరువాత వాల్వ్ క్లియరెన్స్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు, ఇంజన్‌కు థ్రాటిల్ బాడీకి మధ్యనున్న రబ్బరు సరిగా ఉన్నాయో చూడాలి. ఇంజన్ తగినంత వేడెక్కిన పిమ్మట, కంపెనీ సర్వీస్ పుస్తకం చెప్పిన స్క్రూను మాత్రమే తిప్పాలి. రంగు గుర్తు వేసి కంపెనీ బిగించిన స్క్రూను కదిలించరాదు.

చివరగా ఒక చిన్న అలవాటు. నెలకొకసారి ఒకే మూల పరీక్ష చేసి, తేదీని, తేడాను దుకాణంలోని నోటు పుస్తకంలో రాయాలి. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడి చేతనే రాయించాలి. స్క్రూ తిప్పడం ఎవరైనా నేర్పవచ్చు. చేతిలోని పనిముట్టును ముందుగా అనుమానించడం నేర్చినవాడు ఈ పట్టణంలోనే కాదు, ఏ పట్టణానికి వెళ్ళినా నమ్మకమైన మెకానిక్‌గా నిలబడతాడు.