వెనుదిరగడం కూడా నడకే
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ప్రాంగణంలోనే ఆదివారపు బడిలో అక్షరాలు దిద్దుకొని, నేడు తమ పిల్లల చేయి పట్టుకొని వచ్చిన రెండవ తరం వారికి నా ఆశీస్సులు.

నేను పండితుణ్ణి కాను, వైద్యుణ్ణీ కాను, విశ్రాంత ఇంజనీరును. నలభై మూడవ ఏట రక్తంలో చక్కెర హద్దు దాటుతున్నదని వైద్యులు హెచ్చరించగా నడక మొదలుపెట్టాను. ఆ నడక క్రమంగా పరుగైంది. ఇరవై ఏడేళ్లుగా ఫీనిక్స్ పరిసరాల కొండదారులే నా వ్యాయామశాల. వయసు మీద పడినా దేహానికి చురుకుదనం, మనసుకు జిజ్ఞాస ఎలా నిలుపుకోవాలో చెప్పమని కార్యవర్గం వారు కోరారు. నేను పూర్తిచేసిన పరుగులను గురించి కాక, వెనుదిరిగిన ఒక ఉదయాన్ని గురించి మనవి చేస్తాను.

చిన్నతనంలో మా నాయనమ్మతో అలిపిరి నుంచి తిరుమలకు కాలినడకన వెళ్లాను. 3,550 మెట్లు. ఆ దారిలో శ్రమ ముందు, సుఖం తరువాత. అలసినవారు ఏ మెట్టు మీదనైనా కూర్చోవచ్చు. వెనుదిరగవలసి వస్తే దిగడమే కదా. మన అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ ముందు దిగాలి, తరువాత ఎక్కాలి. సౌత్ కైబాబ్ దారిలో కొలరాడో నది వరకు సుమారు ఏడు మైళ్లు, దాదాపు 4,700 అడుగుల దిగుడు. నడుమ ఎక్కడా తాగునీరు దొరకదు. వేసవిలో లోయ అడుగున వేడిమి 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దిగేటప్పుడు అందరికీ ఉత్సాహమే. ఎవరి శక్తి ఎంతో తెలిసేది తిరిగి ఎక్కేటప్పుడు.

యాభై ఎనిమిదవ ఏట ఆ లోయను దక్షిణపు అంచు నుంచి ఉత్తరపు అంచు వరకు ఒక్క రోజులో దాటాను. అరవై ఆరవ ఏట మళ్లీ దాటాలని సంకల్పించాను. ఈసారి మా అమ్మాయి కూడా తోడు వస్తానన్నది. అయితే అప్పటికి మూడు నెలలుగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు నా గుండె లయ తప్పుతూ ఉన్నది. పట్టులో చిక్కిన పిట్టలా కొట్టుకొని, కొంతసేపటికి తానే సర్దుకొనేది. ఈ సంగతి నా శ్రీమతికి చెప్పలేదు, వైద్యులకు చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుందని భయం. దానికి నేను పెట్టుకున్న పేరు పట్టుదల.

ఆనాడు తెల్లవారకముందే బయలుదేరి మైలున్నర దిగి సీడార్ రిడ్జ్ చేరాము. నేను బండను ఆనుకొని నిలబడ్డాను. అమ్మాయి నా మణికట్టు పట్టుకొని చూసి, "ఎన్నాళ్ల నుంచి నాన్నా?" అని అడిగింది. అబద్ధమాడలేకపోయాను. "పైకి వెళదాం" అన్నది. కోపం వచ్చింది. "నువ్వు పుట్టకముందు నుంచి నా కాళ్ల మీద నేను నిలబడ్డాను" అన్నాను. ఆమె వాదించలేదు. "సరే, మీరు దిగితే నేనూ దిగుతాను. మీరు కింద పడిపోతే నేను మోయలేను, వదిలి రాలేను. అది ఆలోచించుకొని చెప్పండి" అన్నది. నేను వెనుదిరిగాను. దిగడానికి ముప్పావు గంట పట్టిన దారిని ఎక్కడానికి రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలూ నేను ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. నేటికీ నన్ను బాధించేది ఆ మౌనమే.

పరీక్షలలో అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేలింది. గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతానికి దారితీయగల స్థితి. ఏళ్ల తరబడి దూరపు పరుగులు తీసినవారిలో ఇది కొంత ఎక్కువగానే కనిపిస్తుందని వైద్యులు చెప్పగా ఆశ్చర్యపోయాను. వ్యాయామం మేలు చేస్తుంది. పరీక్షల నుంచి మినహాయింపు మాత్రం ఇవ్వదు. మన దక్షిణాసియా వాసులకు హృద్రోగ ప్రమాదం సహజంగానే అధికమని మరువరాదు.

అటుపిమ్మట నా సాధనను మార్చుకున్నాను. వయసుతో పాటు గుండె గరిష్ఠ వేగం తగ్గుతుంది. ఏ సాధనా దానిని ఆపలేదు. కండరం మాత్రం డెబ్బైలో కూడా బరువులెత్తితే బలపడుతుంది. అందుచేత వారానికి రెండు రోజులు బరువులెత్తుతాను. ఒంటికాలిపై నిలిచి పళ్లు తోముకుంటాను. భోజనంలో అన్నం తగ్గించి పప్పు, పెరుగు పెంచాను. పెద్దవయసులో దాహం సరిగా తెలియదు కనుక దాహం కోసం ఎదురుచూడను. అలాగని ఎండలో గంటల తరబడి ఉత్త నీరే అతిగా తాగినా ప్రమాదమే. ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. రక్తం పలచబరిచే మందు వాడుతున్నాను కనుక పడితే ముప్పు. చేతికర్రలు లేకుండా కొండ ఎక్కను.

ఆ రోజులలో ఎమ్మా గేట్‌వుడ్ కథ చదివాను. పదకొండు మంది బిడ్డల తల్లి. 1954లో అపలాచియన్ దారిని మెయిన్ రాష్ట్రం నుంచి మొదలుపెట్టి, దారి తప్పి, కళ్లద్దాలు పగిలి, అధికారులు నచ్చజెప్పగా ఇంటికి తిరిగి వెళ్లింది. మరుసటి ఏడు, 67వ ఏట, జార్జియా నుంచి బయలుదేరి రెండు వేల మైళ్లకు పైగా నడిచి మెయిన్‌లోని కటాడిన్ శిఖరం చేరింది. తిరిగి వెళ్లింది కనుకనే మళ్లీ రాగలిగింది.

నేనూ మళ్లీ వెళ్లాను, అరవై తొమ్మిదవ ఏట, వైద్యుల అనుమతితో. ఈసారి ఒక్క రోజులో దాటే పంతం లేదు. చలికాలపు తొలి రోజులలో నెమ్మదిగా దిగి, నదికి చేరువలోని ఫాంటమ్ రాంచ్‌లో రాత్రి బస చేసి, మరునాడు బ్రైట్ ఏంజెల్ దారిలో ఎక్కి వచ్చాము. పరుగెత్తిన నాడు నాకు కనిపించింది నా గడియారం ఒక్కటే. ఈసారి రాళ్లను చూశాను. అంచు దగ్గరి సున్నపురాయి వయసు దాదాపు 27 కోట్ల ఏళ్లు. అడుగున నల్లగా మెరిసే శిల వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. దాని పేరు విష్ణు షిస్ట్. 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డట్టన్ అక్కడి శిఖరాలను చూసి విష్ణు ఆలయమని, శివాలయమని పేర్లు పెట్టాడు. ఇన్నేళ్లు ఈ రాష్ట్రంలో ఉండి, ఆ పేర్లు నాకు డెబ్బై దగ్గరపడ్డాక తెలిశాయి. ఆ శిల మీద చేయి ఉంచి, మూడేళ్ల కిందటి మౌనానికి మా అమ్మాయిని క్షమించమని అడిగాను. "అప్పుడే మరచిపోయాను నాన్నా" అన్నది. ఆమె మరువలేదని నాకు తెలుసు.

రెండవ తరం వారికి నా విన్నపం ఇది. మీ తల్లిదండ్రులు కొండ ఎక్కుతానంటే, సైకిలు తొక్కుతానంటే, "ఈ వయసులో ఎందుకు?" అనకండి. వీలైతే వెంట నడవండి. నడిచేవారి ముఖం పక్కనున్న వారికే కనబడుతుంది. మీలో చాలామందికి నలభై దాటింది. మీ పరీక్షలూ వాయిదా వేయకండి. నా ఈడు వారికి ఒక మాట: మన దేహం మనది నిజమే, కానీ మనం పడితే పరుగెత్తుకొని వచ్చేది బిడ్డలే. వారి దగ్గర ఏదీ దాచకండి.

వచ్చే శనివారం తెల్లవారుజామున ఐదున్నరకు ఆలయ ద్వారం వద్ద ఉంటాను. మూడు మైళ్ల నడక. రాదలచినవారు నీళ్లసీసా, టోపీ తెచ్చుకోండి. అలసినవారితో పాటు నేనూ వెనుదిరుగుతాను.

స్వస్తి.