పాకము పూసిన పక్కటెముకలు

ఈ పూట నేను చెప్పబోవు వంటకము మన శ్రోతలలో అనేకుల యిండ్లలో పొయ్యి యెక్కునది కాదు. పంది మాంసము ముట్టనివారు మనలో చాలమంది కలరు. తినువారును కారము దట్టించి వేపుటయో, కూర వండుటయో యెరుగుదురు గాని, తీపి పాకము పూసి కాల్చుట అరుదు. అయినను అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు సెలవులకు వచ్చినపుడు "బార్బెక్యూ రిబ్స్" అను మాట మన చెవిని పడుచునే యున్నది. ఆ మాట వెనుక నున్న కథను, ఆ వంట యింటిలో కుదురు విధమును కొంత మనవి చేసెదను.

బార్బెక్యూ అను పేరు ఇంగ్లీషువారు పుట్టించినది కాదు. కరీబియన్ దీవులలోని తైనో జాతివారు కర్రలతో కట్టుకొనిన మంచె పేరు స్పానిష్ వారి నోట "బార్బకోవా" అయినది. ఆ మంచె మీద మాంసమును సన్నని సెగకు కాల్చెడివారు. పంది మాత్రము అక్కడిది కాదు. కొలంబస్ తన రెండవ యాత్రలో, 1493లో, ఓడల మీద తెచ్చెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నేలను గుంట త్రవ్వి, రాత్రియంతయు నిప్పును కనిపెట్టి, మాంసమును కాల్చు పని మిక్కిలిగా బానిసలైన నల్లవారి మీద పడినది. బల్ల దగ్గర కూర్చుండి మెచ్చుకొన్నవారి పేర్లు చరిత్రలో కలవు. పొగలో కన్నులు మండించుకొన్నవారి పేర్లు చాలవరకు లేవు.

పేరు నిలిచిన వారిలో హెన్రీ పెర్రీ ఒకడు. టెనెసీ రాష్ట్రము నుండి కాన్సస్ సిటీకి వచ్చిన యీ నల్లజాతి వంటవాడు 1908 ప్రాంతమున కాల్చిన మాంసమును వార్తాపత్రిక కాగితములలో చుట్టి అమ్మనారంభించెను. ఆయన పులుసు తీపి కాదు, ఘాటైన కారము. 1940లో ఆయన గతించిన పిమ్మట, ఆయన వద్ద పని నేర్చిన చార్లీ బ్రయంట్, తరువాత అతని సోదరుడు ఆర్థర్ బ్రయంట్ ఆ అంగడిని నడిపిరి. నేడు మనము సీసాలలో చూచు చిక్కని తియ్యని కాన్సస్ సిటీ పాకము లోకమంతట ప్రచారమునకు వచ్చినది 1977 తరువాత. దానిని అంగడి సరుకుగా తీర్చిన రిచ్ డేవిస్ వంటవాడు కాదు, పిల్లల మానసిక వైద్యుడు! పాకము వచ్చి వంటవానిని మరుగుపరచెను. ఇప్పటి వంటింటివారు సీసానే వంట యనుకొందురు.

నేనును అట్లే అనుకొంటిని. కొన్నేండ్ల క్రిందట ఆ ఊరిలోనే యున్న మా పినతండ్రి కుమారుని యింట ఒక చలికాలము గడిపితిని. వెలుపల మంచు మోకాలిలోతు. నిప్పు వేయుటకు వీలు లేదు. ఓవెన్ లోనే చేసి చూపెదనని నేను ముందుకు వచ్చితిని. పక్కటెముకల పలకకు మొదటనే సీసాలోని పాకమంతయు పూసి, మంట హెచ్చించి కూర్చుంటిని. గంటకు తలుపు తీసితిమి. పైన బొగ్గు, లోన రబ్బరు. మా మరదలు పళ్ళెము వంక చూచి, "బావగారూ, అరిసెల పాకం ఎవరైనా గంటసేపు మంట మీద ఉంచుతారా?" అన్నది. ఇంత చదువుకొని నాకు తోచని సంగతి అదియే.

ఆమె మాటలో ఈ వంట మర్మమంతయు ఉన్నది. పక్కటెముకల నడుమ కండ కొంచెము, నరములు, పొరలు ఎక్కువ. వానిలో కొలాజెన్ అను పదార్థము కలదు. అది 70 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన తరువాత, అదియు తాపీగా, కరగి జిగురుగా మారును. హైదరాబాదులో పాయాను గంటల తరబడి సన్నని సెగ మీద ఉంచుట ఇందుకే గదా. పంది మాంసము 63 డిగ్రీలకు వచ్చి మూడు నిమిషములు నిలిచినచో తినుటకు క్షేమమేనని అమెరికా వ్యవసాయశాఖ 2011లో ప్రకటించెను. కాని పక్కటెముకలు ఆ వేడి వద్ద పంటికి లొంగవు. 90 నుండి 95 వరకు రావలెను. చక్కెర స్వభావము వేరు. 160 దాటిన కొలది అది ఎర్రబారి, వెంటనే చేదెక్కును. కావున ఒకదానికి కాలము కావలెను, రెండవదానికి క్షణములు చాలును. రెండింటిని ఒకేసారి పొయ్యి మీద పెట్టుట నా తప్పు.

ఇక పద్ధతి. వెన్ను దగ్గరి చిన్న ఎముకల పలకను అక్కడ బేబీ బ్యాక్ అందురు; సుమారు కిలో తూగును. క్రింది భాగమైన స్పేర్ రిబ్స్‌లో కొవ్వు హెచ్చు, మరియొక గంట కాలము పట్టును. ఎముక వైపున నున్న పలుచని పొర క్రిందికి చెంచా కాడను దూర్చి, పొడి గుడ్డతో పట్టి లాగవలెను. అది ఉన్నచో ఉప్పు లోనికి దిగదు, తిన్నపుడు తోలువలె సాగును. రెండు చిన్న చెంచాల ఉప్పు, మిరియాలపొడి, వెల్లుల్లి పొడి, ఆవపిండి, కొంచెము కారము కలిపి రుద్దవలెను. గుంటూరు కారమైనచో అర చెంచాయే చాలును. పలకను అల్యూమినియము రేకులో గాలి చొరకుండ చుట్టి, 135 డిగ్రీల ఓవెన్ లో రెండున్నర గంటలు ఉంచవలెను.

రేకు ఎందుకనగా, బయలు సెగలో మాంసపు వేడి 65, 70 వద్ద గంటల తరబడి కదలక నిలిచిపోవును. పైనుండి తడి ఆవిరియగుచు, మన కూజాలో నీరు చల్లబడినట్లే, మాంసమును చల్లబరచుచుండును. రేకు ఆ ఆవిరిని ఆపును. కొందరు తొందరపడి ముందు నీళ్ళలో ఉడికింతురు. అట్లు చేసినచో రుచి నీటిపాలగును, నేనొప్పుకొనను.

పట్టకారుతో ఒక కొనను పట్టి యెత్తినపుడు పలక వంగి, పైకండ చిట్లుటకు సిద్ధమైనచో ఉడికినట్లు. ఎముక దానంతట అది ఊడి వచ్చుట గొప్ప యని హోటళ్ళవారు చెప్పుదురు గాని, కాన్సస్ సిటీ పోటీలలో న్యాయనిర్ణేతలు దానిని అతిగా ఉడికినదిగా లెక్కింతురు. నాకు మాత్రము ఆ అతి యిష్టమే.

ఇపుడు పాకము. ఒక కప్పు టొమేటో కెచప్, అర కప్పు బెల్లపు పొడి, పావు కప్పు వినిగర్, చెంచా ఆవపిండి, మిరియాలు, రేకులో మిగిలిన రసము కొంచెము కలిపి, చెంచాకు అంటునంతవరకు పావుగంట కాచవలెను. ఓవెన్ ను 220 డిగ్రీలకు పెంచి, కుంచెతో పలుచగా పూసి, ఐదు నిమిషములు ఉంచి, మరల పూయవలెను. మూడు పూతలకు మించరాదు. ఆ సమయమున అక్కడినుండి కదలరాదు. టెలిఫోను మ్రోగినను మ్రోగనిండు.

ఇంత చేసినను హికరీ కట్టెల పొగ దీనికి రాదు. పెర్రీ అంగడి వారసులు దీనిని బార్బెక్యూ అనుటకు ఒప్పుకొనరు. వారి పట్టింపు న్యాయమే. ఆ మంచు రాత్రి రెండవ పలకను ఈ విధముగా చేసితిమి. పది నిమిషములు ఆరనిచ్చి, ఎముకలు కనబడునట్లు తిరుగవేసి, వాని నడుమ కోసితిమి. మా మరదలు మొదటి ఎముకను పిల్లవాని చేతికిచ్చి, బల్ల మీది ముళ్ళచెంచాలు తీసివేసి, వాని స్థానమున తడి గుడ్డలు పెట్టినది.