దమ్ముకు ముందు ట్రాక్టరు ఆయిల్ మార్పు
(తడ ప్రాంత రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈశాన్య ఋతుపవనముల వానలు పడి చెరువులకు నీరు చేరగానే మన తడ ప్రాంతములో దమ్ములు ఒక్కసారిగా మొదలగును. సస్యశాస్త్రము బోధించు నేను ఇంజను సంగతి ఏల ఎత్తితినని మీరు అనుకొనవచ్చును. దమ్ము ఆలస్యమైనచో నారు ముదురును; ముదురు నారు నాటినచో పిలకలు తగ్గును. ట్రాక్టరు నిలిచిన నష్టము చివరకు పైరుకే తగులును.

ఒకసారి మా ఇంటి ట్రాక్టరుకు ఆయిల్ మార్చి, డ్రెయిన్ ప్లగ్గుకు పాత అల్యూమినియం వాషరునే తిరిగి వేసితిని. ప్లగ్గు చుట్టూ చెమ్మ కనబడగా స్పానరుతో మరింత బిగించితిని. మరలు చెడినవి. దమ్ము మధ్యలో బండి నాలుగు రోజులు నిలిచిపోయినది. కొన్ని రూపాయల వాషరు కొననందున కలిగిన నష్టమిది.

ఫిల్టరు ఎంపిక: మర సరిపోయినంత మాత్రమున ఫిల్టరు సరియైనదని తలంచరాదు. లోపల ఒక బైపాస్ వాల్వు ఉండును. ఫిల్టరు పూడుకొనిపోయినపుడు ఇది తెరచుకొని, వడగట్టకపోయినను ఆయిల్‌ను బేరింగులకు పంపును. ఈ వాల్వు త్వరగా తెరచుకొనినచో మురికి ఆయిల్ తిరుగును. మరీ ఆలస్యమైనచో బేరింగులకు ఆయిల్ చాలదు. కావున బండి చేతిపుస్తకములోని నంబరు చూచి కొనవలెను. పాత ఫిల్టరును మాత్రమే ఆనవాలుగా తీసుకొనిపోవలదు. అదియే పొరపాటుగా వేసినది కావచ్చును. సొట్టపడిన డబ్బాను, గట్టిపడిన రబ్బరు రింగును తీసుకొనరాదు.

వాషరు ఎంపిక: రంధ్రము, వెలుపలి కొలత, మందము మూడును సరిపోవలెను. రాగి వాషరుపై గాట్లు లేనిచో, ఎర్రగా కాల్చి చల్లార్చినచో మెత్తబడి మరల పనికివచ్చును. అల్యూమినియం, ఫైబరు వాషరులను ప్రతిసారి కొత్తవే వేయవలెను. రబ్బరు అంచుగల వాషరును ఎన్నడును కాల్చరాదు.

బిగించు విధము: ఇంజను వెచ్చగా ఉన్నపుడు చేయి కాలకుండ ఆయిల్ దించవలెను. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకు అంటుకొని ఉన్నదేమో తప్పక చూడవలెను. రెండు రింగులు ఒకదానిపై నొకటి పడినచో ఆయిల్ చిమ్మును. కొత్త రింగుకు ఆయిల్ రాసి, చేతితోనే త్రిప్పి, రింగు తగిలిన పిదప ఫిల్టరుపై వ్రాసినంత మేరకు, సాధారణముగా ముప్పాతిక చుట్టు, బిగించవలెను. ప్లగ్గును మొదట వ్రేళ్లతో ఎక్కించవలెను. ఆయిల్ పోసి కొద్దిసేపు నడిపి ఆపి, కారుటలేదని చూచి, కొన్ని నిమిషముల తరువాత ఆయిల్ కొలపుల్లతో మట్టము సరిచూడవలెను.

అనేక ట్రాక్టర్లకు 250 గంటల కొకసారి ఆయిల్ మార్చవలసియుండును. మీ చేతిపుస్తకములోని అంకెయే ప్రమాణము. అయితే దమ్ము చేయునపుడు ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగుకు మారినచో నీరు చేరినదని గ్రహించి, గంటలు లెక్కింపక బండి ఆపి, కారణము సరిచేయించి, ఆయిల్ మార్చవలెను.

తీసిన ఆయిల్‌ను ఇసుకలో పారబోయవలదు. మన ఇసుక నేలలో అది సులభముగా ఇంకి బావి నీటిని చెరచును. వాన నీటితో పులికాటు సరస్సు చేరినచో చేపలకు, రొయ్యలకు హాని. మూతగల డబ్బాలో నిలువచేసి, వాడిన ఆయిల్ కొనుటకు అనుమతి పొందినవారికే ఇవ్వవలెను.

ఈ వానలకు ముందే చేతిపుస్తకము తీసి, ఫిల్టరు నంబరును, వాషరు కొలతలను వ్రాసికొని, రెండేసి చొప్పున కొని ఇంట ఉంచుకొనుడని కోరుచున్నాను.