కంప్యూటరు మాటలు మనకూ తెలియాలి



తిరువొత్తియూరులో మనం ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం. మన పిల్లలు బడిలో తమిళం చదువుతారు. కంప్యూటరు ముందుకు వెళితే ఇంగ్లీషు మాటలు ఎదురవుతాయి. కులపత్రం కావాలన్నా, ఆదాయపత్రం కావాలన్నా ఇ-సేవై కేంద్రానికి వెళ్తున్నాం. అక్కడ చెప్పిన మాట అర్థం కాక వెనక్కి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని కొన్ని మాటలు తేటగా తెలుసుకుందాం.

చేత్తో తాకగలిగేది హార్డ్‌వేర్. దానిచేత పని చేయించేది సాఫ్ట్‌వేర్. మన దగ్గరినుండి అవతలికి పంపితే అప్‌లోడ్, అవతలినుండి మన దగ్గరికి తెచ్చుకుంటే డౌన్‌లోడ్. "సైజు ఎక్కువైంది" అంటే మన దరఖాస్తు తిరస్కరించారని కాదు. 1 ఎంబీ అంటే 1024 కేబీ. ఫోన్‌లో తీసిన ఫోటో చాలాసార్లు 2, 3 ఎంబీలు ఉంటుంది. వాళ్ళు 200 కేబీ లోపు అడిగితే ఫోటోను తగ్గించి మళ్ళీ పెడితే సరిపోతుంది.

ఇంటర్నెట్‌లోని పేజీలను తెరిచి చూపించేది బ్రౌజర్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అలాంటివే. నొక్కితే ఇంకో పేజీకి తీసుకుపోయేది లింకు. నొక్కేముందు చిరునామా చూడాలి. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాలు ఎక్కువగా "డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తాయి. ఆ మాట మధ్యలో ఎక్కడో ఉండి, చివర వేరేది ఉంటే అనుమానించాలి.

బ్రౌజింగ్ సెంటర్‌లో పని అయ్యాక లాగౌట్ చేయాలి. అంటే మన ఖాతా తలుపు మూసి రావడం. అక్కడ డౌన్‌లోడ్ చేసిన ఆధార్ కాపీని తీసివేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే రహస్య అంకె. దాన్ని ఫోన్‌లో అడిగినవారికి, బ్యాంకు మనిషినని చెప్పినా సరే, ఇవ్వకూడదు. 2016లో వచ్చిన యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, బ్యాలెన్సు చూసుకోవడానికి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అంటే అది మోసమే. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరిగా యూనికోడ్. ఒక ఫోన్‌లో రాసిన తెలుగు ఇంకో ఫోన్‌లో కూడా తెలుగులాగే కనబడేది దానివల్లనే. అందులో మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. తెలుగు కీబోర్డు పెట్టుకుని అమ్మకు తెలుగులోనే మెసేజ్ రాయండి. బడిలో దొరకని అక్షరాలు అలా చేతికి వస్తాయి.

యువతీ యువకులారా, ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట మన పెద్దల దగ్గర కూర్చుందాం. వాళ్ళ ఫోను లాక్కుని పని చేసిపెట్టవద్దు. ఫోను వాళ్ళ చేతిలోనే ఉంచి, వాళ్ళ వేలితోనే నొక్కిద్దాం. రెండోసారి వాళ్ళే చేసుకోగలిగితే మనం నేర్పినట్టు.